ఉగాది మలరు వెనక అట్టకు ఈ ప్రకటన వద్దు



ఈసారి ఉగాది మలరుకు వచ్చిన ప్రకటనల పట్టీని కార్యవర్గం మన వాట్సాప్ గుంపులో పెట్టింది. ఎప్పటిలాగే నగల అంగడి, పాత్రల అంగడి, కల్యాణ మండపం, వంట కాంట్రాక్టరు, ఇద్దరు ఎల్‌ఐసీ ఏజెంట్లు. అందరూ మనకు తెలిసినవాళ్ళే. వెనక అట్ట మాత్రం కొత్తవాళ్ళకు పోయింది. నిండు పేజీ, రంగుల్లో. నెరిసిన గడ్డం, కండలు తిరిగిన ఒళ్ళు ఉన్న మనిషొకడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక గుర్రం పరుగెత్తుతున్నది. నలభై దాటిన మగవాళ్ళకు టెస్టోస్టెరాన్ పెంచే మూలికల క్యాప్సూల్ అని తెలుగులోనూ తమిళంలోనూ రాశారు. నూటికి నూరు శాతం సహజం, సైడ్ ఎఫెక్టులు లేవు, నెలకు సరిపడే డబ్బా 2,499 రూపాయలు. ఇది చాలదన్నట్టు ఉగాది నాడు మండపంలో వాళ్ళకొక స్టాలు. అక్కడ మగవాళ్ళకు ‘ఉచిత పరీక్ష’ చేస్తారట.

ఆ ప్రకటన వేయకూడదు, ఆ స్టాలు పెట్టనీయకూడదు. ఎందుకో పొడుగ్గానే చెప్తాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి. లేనివాళ్ళు ఆదివారం సమావేశానికి వచ్చి నా మొహం మీదే తిట్టండి.

ఇప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. "ఏం మామా, ఇరవై అయిదు వేలు ఇస్తా ఉండారు, వద్దంటే ఎట్ల? మలరు అచ్చు ఖర్చు సగం దాంట్లోనే తీరిపోతుంది కదా" అన్నాడు ఒక పిలగాడు. "ఆడవాళ్ళు ఉండే గుంపులో ఈ పేచ్చు ఏమిటికన్నా" అన్నాడు ఇంకొక పెద్దమనిషి. రెండో ఆయనకు ముందు జవాబు చెప్తాను. ఆ గుర్రం బొమ్మ ఉన్న మలరు మూడు వందల ఇళ్ళకు పోతుంది. మన అక్కచెల్లెళ్ళు, కోడళ్ళు, ఎనిమిదో క్లాసు పిల్లలు అందరూ దాన్ని తిరగేస్తారు. బొమ్మ వేసి అమ్మితే సిగ్గు లేదు గానీ, అది పనిచేస్తుందా లేదా అని అడిగితే సిగ్గా? ఈ సిగ్గే వాళ్ళ వ్యాపారానికి పెట్టుబడి. బియ్యంలో రాళ్ళుంటే అంగడికి వెనక్కి తీసుకుపోయి అరుస్తాం. ఈ డబ్బా పనిచేయలేదని అంగడి ముందు నిలబడి అరిచే మగవాడు ఎక్కడైనా ఉన్నాడా? ఆ సంగతి వాళ్ళకు బాగా తెలుసు.

ఇక సరుకు సంగతి. టెస్టోస్టెరాన్ అనేది వృషణాల్లో తయారయ్యే హార్మోను. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కబురు పంపితే అక్కడ తయారవుతుంది. రక్తంలో చాలినంత ఉందని తెలిస్తే పిట్యూటరీ కబురు తగ్గించేస్తుంది. రైల్వేలో పనిచేసినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. ముందు స్టేషను లైన్ క్లియర్ ఇవ్వనిదే బండి కదలదు, మనం ప్లాట్‌ఫారం మీద ఎంత విజిల్ ఊదినా సరే. ఒంట్లో అమరిక సరిగ్గా ఉన్నవాడు బయటినుంచి ఏ ఆకో పొడో మింగి ఆ లెక్కను పైకి నెట్టడం అంత సులువు కాదు.

ఈ హార్మోను పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. అందుకే కొలవాలంటే పొద్దున పది గంటల లోపల, పరగడుపున, రెండు వేరు వేరు రోజుల్లో రక్తం ఇవ్వాలి. అమెరికా యూరాలజీ వైద్యుల సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల లోపలే వచ్చి, దానితోపాటు లక్షణాలు కూడా ఉంటేనే లోపం అనాలి. ఒక్క అంకె చూసి చెప్పడానికి లేదు, ఒక్క లక్షణం చూసీ చెప్పడానికి లేదు. వయసు పెరిగేకొద్దీ ఇది ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. జుట్టు నెరిసినట్టే ఇదీను. యూరపులో ఎనిమిది చోట్ల 40 నుంచి 79 ఏళ్ళ మగవాళ్ళను మూడు వేల మందికి పైగా పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. లక్షణాలూ, తక్కువ హార్మోనూ రెండూ కలిసి ఉన్నవాళ్ళు నూటికి ఇద్దరు తేలారు. మన సంఘంలో ఆ వయసు మగవాళ్ళు 200 మంది ఉన్నారనుకుంటే ఆ లెక్కన నలుగురు. మనవాళ్ళకు షుగరు, బొజ్జ ఎక్కువ కాబట్టి పదిమంది అనుకోండి. మిగతా 190 మందికి ఏమి అమ్మడానికి వీళ్ళు మన మండపానికి వస్తున్నారు?

ఆ ‘ఉచిత పరీక్ష’ ఎలా ఉంటుందో నేను పోయిన నెల వేరొక ఊరి కల్యాణ మండపంలో కళ్ళారా చూశాను. రక్తం లేదు, సూది లేదు, డాక్టరు అసలే లేడు. టై కట్టుకున్న కుర్రాడు కాగితం మీద పది ప్రశ్నలు అడుగుతాడు. రాత్రి అన్నం తిన్నాక నిద్ర ముంచుకొస్తుందా? మునుపటంత ఓపిక ఉందా? చిరాకు పెరిగిందా? ఆటల్లో జోరు తగ్గిందా? అరవై దాటినవాడికి సాంబారన్నం తిన్నాక నిద్ర రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ, వస్తే రోగమా? ఇలాంటి పది ప్రశ్నల పట్టీని అమెరికాలో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం వైద్యులు 2000లో తయారుచేశారు. అది వైద్యుడి చేతిలో ఉండాల్సిన జల్లెడ. అందులో పడినవాళ్ళకు ఆ తర్వాత రక్తపరీక్ష చేయాలి. దిగులుగా ఉన్నవాడు, నిద్ర లేనివాడు, థైరాయిడు ఉన్నవాడు అందరూ ఆ జల్లెడలో చిక్కుకుంటారు. వీళ్ళు రక్తపరీక్ష తీసేసి, జల్లెడ దగ్గరే బిల్లు పుస్తకం పెట్టారు.

డబ్బా మీద రాసిన మూలికల పేర్లు చూద్దాం. నేను చదివింది తమిళ బడి కాబట్టి ఇవి నాకు నాట్టు మరుందు అంగడి పేర్లతోనే తెలుసు. తెలుగు పేర్లు తరువాత కూడబలుక్కుని నేర్చుకున్నవి. రెండూ ఇస్తాను, మీరే పోల్చుకోండి.

మొదటిది నెరుంజిల్, మన పల్లేరు. చిన్నప్పుడు ఉత్త కాళ్ళతో పొలానికి పోయినవాళ్ళకు దీని సంగతి అరికాలే చెబుతుంది. సిద్ధ వైద్యులు మూత్రం సరిగా పోవడానికి పల్లేరు కషాయం ఇస్తారు, అది మా ఇంట్లోనూ కాచేవాళ్ళు. మగసిరి పేరుతో ఇది ప్రపంచమంతా పాకింది మాత్రం బల్గేరియా బరువులెత్తే ఆటగాళ్ళ పేరు చెప్పుకుని. ఆ బల్గేరియా పరిశోధకులే 2005లో కుర్రవాళ్ళకు పల్లేరు సారం ఇచ్చి కొలిచారు, టెస్టోస్టెరాన్ పెరగలేదు. ఆస్ట్రేలియాలో రగ్బీ ఆటగాళ్ళకు ఇచ్చి 2007లో చూశారు, వాళ్ళకీ ఉత్త కాప్సూల్ మింగినవాళ్ళకీ తేడా లేదు. అయినా ప్రతి డబ్బా మీదా పల్లేరే ముందు కూర్చుంటుంది.

రెండోది అముక్కరా కిళంగు, అంటే పెన్నేరు గడ్డ, అశ్వగంధ. దీని విషయంలో న్యాయంగా మాట్లాడాలి. 2015లో మనదేశంలో 57 మంది కుర్రవాళ్ళకు కసరత్తుతోపాటు ఎనిమిది వారాలు ఇచ్చి చూస్తే, ఉత్త మాత్ర మింగినవాళ్ళకంటే హార్మోను ఎక్కువ పెరిగింది. 2019లో ఒళ్ళు బరువున్న నడివయసువాళ్ళ మీద చేసిన ఇంకొక పరీక్షలో దాదాపు 15 శాతం తేడా కనిపించింది. కానీ ఆ రెండో పరీక్షలోనే అలసట, ఓపిక, పడకటింటి సంగతులు అడిగితే ఉత్త మాత్రకూ దీనికీ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అంకె కొంచెం కదిలింది, మనిషి కదలలేదు. ఇవన్నీ కొద్దిమంది మీద, కొద్ది వారాలు చేసినవి. ఇక సైడ్ ఎఫెక్టులు లేవు అన్న మాట. అశ్వగంధ మాత్రలు వాడి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. థైరాయిడు హార్మోనునూ ఇది పెంచగలదు. డెన్మార్కు ప్రభుత్వం 2023లో దీన్ని నిషేధించింది. నిషేధం సరైనదా కాదా అనేది వేరే వాదన. ‘ఏ హానీ లేదు’ అని అట్ట మీద అచ్చు వేయడానికి మాత్రం మనకు ఏ అధికారమూ లేదు.

దూలగొండి విత్తులు, అంటే పూనైక్కాలి. మెంతులు. ఓరిదళ్ తామరై, తెలుగులో రత్నపురుష అంటారు. శిలాజిత్తు. జింకు, డి విటమిన్. జింకు నిజంగా తక్కువైనవాడికి జింకు ఇస్తే హార్మోను కోలుకుంటుంది, అది 1996లోనే తేల్చారు. తక్కువ లేనివాడికి ఇస్తే ఒరిగేదేమీ లేదు. నిండిన ట్యాంకులో ఇంకా నీళ్ళు పోస్తే కింద వరండా తడుస్తుంది, అంతే. మిగతావాటిని గురించి ఒక్కొక్కటిగా చెప్తూ కూర్చోను. అమెరికా వైద్యులు ఇలాంటి 50 డబ్బాలు తీసి పరిశీలించి 2020లో ప్రచురించారు. అందులో 45 డబ్బాలు టెస్టోస్టెరాన్ పెంచుతామని చెప్పుకున్నాయి. వాటిలోని 109 రకాల సరుకుల మీద పరిశోధనలు వెతికితే, పెంచుతుందని చూపిన సమాచారం నూటికి పాతికకు లోపలే దొరికింది. నూటికి పది సరుకులు ఉల్టాగా తగ్గించినట్టు ఆధారాలున్నాయి. అరవై శాతానికి పైగా సరుకుల మీద ఏ సమాచారమూ లేదు. డబ్బు ఇచ్చి తగ్గించుకోవడం అంటే ఇదే కాబోలు.

ఇంతవరకూ పోయేది డబ్బే. పింఛను డబ్బు పోతే పోయింది, దేవుడి హుండీలో వేశామనుకోవచ్చు. నన్ను నిజంగా భయపెట్టేది వేరే ఉంది.

మూలికలతో ఏమీ జరగదని అమ్మేవాడికి మనకంటే ముందే తెలుసు. కొన్నవాడు రెండోసారి రావాలంటే ఏదో ఒకటి జరగాలి. అందుకని కొందరు వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ మందును గుట్టుగా కలిపేస్తారు. ఇది నా ఊహ కాదు. అమెరికా ప్రభుత్వ మందుల శాఖ 2007 నుంచి 2016 దాకా పట్టుకున్న కల్తీ సప్లిమెంట్లు 776. అందులో దాదాపు సగం మగసిరి పేరుతో అమ్మినవే, వాటిలో ఎక్కువగా దొరికింది ఈ సిల్డెనాఫిలే. ఆ మందు తనంతట తాను విషం కాదు. డాక్టరు చూసి, గుండె చూసి, చీటీ రాసి ఇస్తే ఎంతోమంది వాడుకుంటున్నారు. కానీ మన సంఘంలో జేబులో సార్బిట్రేట్ మాత్ర పెట్టుకుని తిరిగేవాళ్ళు ఎందరున్నారు? ఛాతీ పట్టేస్తే నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్ర. ఈ రెండూ ఒంట్లో కలిస్తే రక్తపోటు పాతాళానికి పోతుంది. సిల్డెనాఫిల్ చీటీ రాసేముందు ఏ డాక్టరైనా అడిగే మొదటి ప్రశ్న అదే. డబ్బా మీద ‘మూలికలు’ అని మాత్రమే ఉంటే ఆ ప్రశ్న అడిగేదెవరు?

మా కాలనీలో గూడ్సు గార్డుగా రిటైరైన ఒకాయన ఉండేవాడు. స్టెంటు పెట్టిన మనిషి. లాడ్జిలో నెలకొకసారి దిగే ఒక ‘వైద్యుడి’ దగ్గర క్యాప్సూళ్ళు తెచ్చుకుని, చొక్కాల బీరువాలో పెట్టుకుని వాడాడు. ఒకరోజు రాత్రి ఛాతీ బరువెక్కితే సార్బిట్రేట్ పెట్టుకున్నాడు. బాత్రూము గుమ్మంలో పడిపోయాడు, తల పగిలింది. ఆసుపత్రిలో డాక్టరు ఆయన భార్యను మూడుసార్లు అడిగాడు, ఇంకేమైనా మందులు వాడతాడా అని. ఆమెకు తెలియదు. తెలివి వచ్చాక ఆయన్ని అడిగితే నోరు విప్పలేదు. చివరికి కోడలు బీరువా సర్దుతుంటే డబ్బా బయటపడింది. దాన్ని చూసి డాక్టరు, ‘ఇది ముందే చెప్పి ఉంటే మా చికిత్స వేరుగా ఉండేది’ అన్నాడు. మనిషి బతికాడు గానీ ఆ తర్వాత వీధిలోకి రావడం మానేశాడు. బీరువా తెరిచిన కోడలి మొహం చూడలేకపోయాడని నా లెక్క.

ఇంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది, అది కంటికి కనబడదు. మగవాడికి పడకటింట్లో వచ్చే తేడా అసలు చాలామందిలో హార్మోను వల్ల కాదు. రక్తనాళాల వల్ల. ఆ భాగానికి రక్తం తెచ్చే నాళం ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు. గుండెకు రక్తం ఇచ్చేవి మూడు నాలుగు మిల్లీమీటర్లు. నాళాల గోడలు పాడవడం మొదలైతే సన్నది ముందు మూసుకుపోతుంది, లావుది తర్వాత. అందుకే ఆ తేడా వచ్చిన రెండు మూడేళ్ళకు గుండె జబ్బు బయటపడే మగవాళ్ళు చాలామంది ఉంటారని గుండె డాక్టర్లు చెప్తారు. అంటే అది డిస్టెంట్ సిగ్నల్. ముందు సిగ్నల్ ఎర్రగా ఉండబోతోంది, వేగం తగ్గించు అని చెప్పే పచ్చరంగు కాని దీపం. ఆ సమయంలో షుగరు, కొలెస్ట్రాలు, బీపీ చూపించుకుంటే మనిషి ఇరవై ఏళ్ళు బతుకుతాడు. ఈ గుర్రం బొమ్మవాళ్ళు చేసేదేమిటి? ఆ దీపానికి గుడ్డ కట్టి, మూడు నెలల కోర్సు, ఆరు నెలల కోర్సు అని అమ్ముతారు. ఆ ఆరు నెలలూ లోపల నాళం మూసుకుంటూనే ఉంటుంది. 2,499 రూపాయల్లో మీరు కొంటున్నది ఆ ఆలస్యాన్ని.

షుగరు సంగతీ ఇంతే. నరాలనూ నాళాలనూ రెండింటినీ తినేస్తుంది. తనకు షుగరుందని తెలియకుండానే ఈ బాధతో తిరిగే మనిషి లేహ్యం దగ్గర ఆగిపోతే, షుగరు ఎప్పుడు బయటపడుతుంది? కాలి వేలు నల్లబడినప్పుడు. పైగా ఆ లేహ్యం నిండా బెల్లమే.

అయితే హార్మోను నిజంగా తగ్గేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. పొట్ట కొవ్వులో ఒక ఎంజైము ఉంటుంది, అది టెస్టోస్టెరాన్‌ను ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. బొజ్జ తగ్గితే హార్మోను పెరుగుతుంది, ఇది అనేక పరీక్షల్లో తేలింది. షికాగోలో పదిమంది ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళను వారం రోజులు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిచ్చి 2011లో కొలిచారు. పగటిపూట టెస్టోస్టెరాన్ పది నుంచి పదిహేను శాతం పడిపోయింది. ఒక్క వారానికే! ముప్పై ఏళ్ళు నైటు డ్యూటీ చేసిన మన లోకో పైలట్లు, పాయింట్స్‌మెన్లు, గేట్‌మెన్ల సంగతి ఆలోచించండి. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగిపోయేవాళ్ళు ఉంటారు, వాళ్ళకూ ఇదే గతి. తాగుడు, నొప్పికి వాడే మత్తు మాత్రలు, ఆస్తమాకని ఏళ్ళ తరబడి మింగే స్టెరాయిడ్లు, ఇవన్నీ తగ్గిస్తాయి. వీటిలో ఒక్కదానికైనా గుర్రం బొమ్మ డబ్బాలో మందుందా? జీతాల బిల్లుల సెక్షనులో కూర్చుని నేను ఎన్నో సిక్ సర్టిఫికెట్లు చూశాను. ఒళ్ళు అలిసిపోయిందని రాసినవాళ్ళకు కావలసింది రోస్టరు మార్పు. కొన్ని సంగతులు మందుల డబ్బాలో దొరకవు, డివిజన్ ఆఫీసులో యూనియనువాళ్ళు కొట్లాడితే దొరుకుతాయి.

నాకు తెలుసు, ఇప్పుడొక పెద్ద వాదన వస్తుంది. ‘ఇది మన పెద్దల వైద్యం, మీరు ఇంగ్లీషు మందుల పక్షం’ అని. నేను చిన్నప్పటినుంచీ నిలవేంబు కషాయం తాగి పెరిగినవాడిని, ఆ వాదన నా దగ్గర కుదరదు. ఆయుర్వేదంలో ఎనిమిది అంగాలుంటే అందులో వాజీకరణం ఒకటి. చరక సంహితలో చికిత్సా స్థానం రెండో అధ్యాయం అదే. అది చదివిన వైద్యుడు ఏమి చెప్తాడు? ముందు ఒళ్ళు శుద్ధి చేయాలి, జీర్ణం చూడాలి, మనిషిని చూడాలి, ఆ తర్వాతే ఇవ్వాలి అంటాడు. అందులో పెద్ద భాగం సంతానం కోసం. నాడి పట్టి చూడకుండా, పేరు అడగకుండా, మూడు వందల ఇళ్ళకు ఒకే డబ్బా పంచమని ఏ సిద్ధుడు చెప్పాడు? సిద్ధ వైద్యం కావాలనుకునేవాళ్ళకు తమిళనాడులో కొరతేమిటి? తాంబరంలో జాతీయ సిద్ధ వైద్య సంస్థ ఉంది. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిద్ధ విభాగాలున్నాయి. చదువుకున్న వైద్యుడు కూర్చుని ఉంటాడు, ఫీజు అడగడు. అక్కడికి పొండి, నేనే తోడొస్తాను. ఇంటర్నెట్టులో అమ్మే ఆయుర్వేద మందులు 193 కొని పరీక్షిస్తే దాదాపు అయిదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికిందని 2008లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. పెద్దల వైద్యానికి చెడ్డపేరు తెచ్చేది నేనా, ఆ సరుకు అమ్మేవాడా?

తెల్లవాళ్ళకూ ఈ పిచ్చి తక్కువేమీ కాదు లెండి. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే మహా పండితుడు, 72 ఏళ్ళ వయసులో, కుక్కల వృషణాల నుంచి తీసిన రసాన్ని తనకే సూదితో ఎక్కించుకుని యవ్వనం తిరిగొచ్చిందని సభలో ప్రకటించాడు. దాంట్లో హార్మోను ఉండేది లేశమంతే, పనిచేసింది నమ్మకం. అసలు టెస్టోస్టెరాన్‌ను విడదీసింది 1935లో.

మన దగ్గర ఈ వ్యాపారానికి పాత పునాది ఉంది. బస్‌స్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద లాడ్జి పేరు, తేదీ, రూము నంబరు రాసే వైద్యుల్ని మనమంతా చూస్తూ పెరిగాం. ఆ తరువాత అర్ధరాత్రి తమిళ టీవీలోకి వచ్చి, కుర్రతనంలో చేసిన తప్పు అని కుర్రవాళ్ళను బెదిరించారు. ధాతువు పోతోందన్న భయంతో చిక్కిపోయే మగవాళ్ళను గురించి డాక్టర్ విగ్ అనే మానసిక వైద్యుడు 1960లోనే రాసి, దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. పోయేది ధాతువు కాదని, మనసులో పట్టుకున్న భయమని తేల్చాడు. ఇప్పుడు ధాతువు పోయి టెస్టోస్టెరాన్ వచ్చింది. లాడ్జి పోయి ఆన్‌లైన్ వచ్చింది. ఎద్దు పుండు కాకికి ముద్దు.

చట్టం సంగతి కార్యవర్గం వినాలి. 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం మూడో సెక్షను ప్రకారం లైంగిక సామర్థ్యాన్ని నిలబెడుతుంది, పెంచుతుంది అని మందుకు ప్రకటన ఇవ్వకూడదు. ఇచ్చినవాడే కాదు, ఆ ప్రకటన ప్రచురణలో పాలుపంచుకున్న ఎవరైనా దాని కిందికి వస్తారు. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. ‘ఇది మందు కాదు, ఆహారం, మాకు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరుంది’ అంటారు. మంచిది. అట్లయితే ఆ డబ్బా వెనక చూడండి, ‘వైద్యానికి వాడేది కాదు’ అని రాసి ఉండాలి, అది నియమం. ముందువైపు మగసిరి, వెనకవైపు ఇది మందు కాదు. ఆహారమే అనుకున్నా, 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షను కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా, అది కూడా ప్రచురించినవాళ్ళకు వర్తిస్తుంది. ఇరవై అయిదు వేలకు ఆశపడి మన అధ్యక్షుడు, కార్యదర్శి ఈ పూచీ నెత్తిన వేసుకుంటారా? మలరు మీద సంపాదకుడుగా పేరు ఉండేది పాపం ఆ రిటైర్డు టీచరుగారిది.

ఇచ్చేది మనవాడే, మన కులంవాడే, ఊళ్ళో గుడికి కూడా చందా ఇచ్చాడు అంటున్నారు. కాదని నేను అనడం లేదు. గుడికి ఇచ్చిన చందాకు రసీదు ఇచ్చాం. దానికి బదులుగా మన మగవాళ్ళ ఛాతీలు రాసివ్వలేదు.

జిమ్ముకు పోయే పిలకాయలకు ఒక్క మాట. కండల కోసం అమ్మే డబ్బాల్లో స్టెరాయిడ్లు కలిపినవీ ఆ 776లో ఉన్నాయి. బయటినుంచి మగ హార్మోను ఎక్కితే పిట్యూటరీ కబురు ఆపేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లలు లేరని అత్తగారు కోడల్ని గుళ్ళ చుట్టూ తిప్పుతూ ఉంటుంది, కొడుకు డబ్బా సంగతి ఆమెకు తెలియదు. బిడ్డలు కావాలనుకునే కుర్రవాడు డాక్టరును అడగకుండా ఈ జాతి డబ్బా ఏదీ ముట్టుకోకూడదు.

ఇక డబ్బు. ఇరవై అయిదు వేలు తక్కువ పడుతుంది, నిజం. యాభై మంది తలా అయిదు వందలు వేస్తే సరిపోతుంది. మొదటి అయిదు వందలు నావి, ఈ రోజే కోశాధికారికి పంపించాను, రసీదు కూడా వచ్చింది. ఇది చదివేలోపు ఇంకో పదకొండు మంది ఒప్పుకున్నారు, అందులో నలుగురు ఆడవాళ్ళు. వెనక అట్ట మీద ఈ ఏడు పదో తరగతి, ప్లస్ టూ పాసైన మన పిల్లల ఫోటోలు వేయండి.

స్టాలు పెట్టాలనుకున్న చోట, మండపం ఎడమవైపు తలుపు పక్కన, ఒక బల్ల వేద్దాం. మన ఆడపిల్లలు ముగ్గురు నర్సులుగా ఉన్నారు, ఇద్దరు వస్తామన్నారు. బీపీ, షుగరు చూస్తారు, నడుము చుట్టుకొలత తీస్తారు. పక్కన తెర కట్టి ఒక కుర్చీ. మా అన్న కొడుకు డాక్టరు, ఉగాదికి ఊరికి వస్తున్నాడు, మధ్యాహ్నం భోజనాల దాకా అక్కడ కూర్చుంటానన్నాడు. తెర వెనక ఎవరు ఏమి అడిగినా బయటికి రాదు. సార్బిట్రేట్ వాడేవాళ్ళు, ఇంట్లో ఇప్పటికే ఇలాంటి డబ్బా ఉన్నవాళ్ళు, ఆ డబ్బాను సంచిలో పెట్టుకుని తెచ్చి అతనికి చూపించండి.

సమావేశం ఆదివారం పొద్దున పదిన్నరకు, సంఘం మేడమీద. ప్రకటన ప్రూఫు ప్రెస్సులో ఉందట, శనివారం సాయంత్రంలోగా వెనక్కి తెప్పించమని కార్యదర్శి తమ్ముడికి చెప్పాను. లిఫ్టు పనిచేయడం లేదు, మెట్లెక్కలేనివాళ్ళు కింద వాచ్‌మన్‌కు చీటీ రాసిచ్చినా ఓటు లెక్కలోకి వస్తుంది.